కుర్సురా దర్శనము – ఘాజీ వృత్తాంతము

మునిగిన ఓడలలో మన విద్యార్థులెల్లరును ఎరిగినది టైటానిక్ ఒక్కటియే. అది 1912 వ సంవత్సరము ఏప్రిల్ 15 వ తేదీన తెల్లవారకముందే ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రమున మునిగిపోయెను. సుమారు 1,500 మంది మరణించిరి. ఆ ఓడను నిర్మించిన బెల్‌ఫాస్ట్ నగరమున 2012 లో ఒక గొప్ప ప్రదర్శనశాలను తెరచిరి. ఓడలోని గదులను, మెట్లను, మంచుగడ్డ చల్లదనమును సైతము కృత్రిమముగా కల్పించి చూపు ప్రదర్శనలు ఇతర నగరములలోను జరిగినవి. వానిని చూడవలెనని పిల్లలు ముచ్చటపడుట సహజమే. కాని కల్పనతో పనిలేకయే నిజమైన ఓడ యొకదానిలోనికి పోయి, ఈ కొననుండి ఆ కొనవరకు నడిచి చూడదగిన చోటు మన తెలుగుతీరముననే కలదు. విశాఖపట్టణమున రామకృష్ణా బీచి ఇసుకపై నిలిపిన కుర్సురా అను జలాంతర్గామియే అది. అదే నగరపు సముద్రములో, తీరమునకు ఎంతో దూరముగాక, ఘాజీ అను మరియొక జలాంతర్గామి తొంబదిమందికి పైగా మనుష్యులతో 1971 నుండి మునిగియున్నది. దానిని ఎవరును పోయి చూడలేరు. అయితే కుర్సురాలో ఒకసారి నడిచినవారికి ఘాజీలోనివారి గతి ఎట్టిదో కొంత బోధపడును. సినిమా చూచి తెలిసికొన్నదానికిని, దీనికిని చాల భేదము కలదు. ఆ భేదమును చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట మాటను చూతము. జలము, అంతర్, గామి అను మూడును చేరి జలాంతర్గామి యైనది. నీటిలోపల పోవునది యని అర్థము. తమిళమున నీర్మూళ్గి యందురు. నీట మునుగునది యని దానికర్థము. ఒకరు పోకను చూచి పేరు పెట్టిరి, ఒకరు మునుకను చూచి పెట్టిరి. రెండు భాషల నడుమ పెరుగుచున్న మన వేలూరు, గుడియాత్తము పిల్లలకు ఈ రెండు పేర్లును తెలియును గనుక ఒక సంగతి వెంటనే స్ఫురింపవలెను. మునుగుట గొప్ప కాదు. రాయి కూడ మునుగును. మునిగి, కోరినంత లోతున నిలిచి, సాగి, మరల తేలుటయే దాని విద్య.

ఆ విద్య రహస్యమును ఇంటనే పరీక్షింపవచ్చును. ఒక ఇత్తడి చెంబును నీళ్లతొట్టిలో నిలువుగా ఉంచుడు. ఖాళీచెంబు తేలును. కొంచెము నీరు పోసినచో కొంత దిగును. ఇంకను పోసినచో అంచు మునిగి అడుగునకు పోవును. చెంబు పరిమాణము మారలేదు, దాని బరువు మాత్రము హెచ్చినది. ఆర్కిమిడీసు సూత్రము మన తొమ్మిదవ తరగతివారు వల్లించునదే. వస్తువు తాను తొలగించిన నీటికంటె తేలికయైన తేలును, బరువైన మునుగును. కుర్సురాకు రెండు పొరల ఒడలు కలదు. లోపలి ఉక్కుగొట్టములో మనుష్యులు, యంత్రములు ఉందురు. ఆ గొట్టమునకును వెలుపలి తొడుగునకును నడుమ పెద్ద తొట్లు కలవు. మునుగవలసినప్పుడు వాని పైభాగమునగల మూతలు తెరతురు. గాలి పైకి పోవును, సముద్రజలము క్రిందినుండి చొరబడును. తేలవలసినప్పుడు ఆ మూతలను మూసి, సీసాలలో గట్టిగా అదిమి ఉంచిన గాలిని తొట్లలోనికి వదలుదురు. ఆ గాలి నీటిని క్రిందికి నెట్టివేయును. కుర్సురా నీటిపై తేలునపుడు తొలగించు నీరు సుమారు 1,950 టన్నులు, మునిగినపుడు సుమారు 2,475 టన్నులు. అనగా మునుగుటకై అది కడుపున చేర్చుకొను నీరు ఇంచుమించు 500 టన్నులు. పది టన్నుల లారీలు ఏబదింటికి సరిపోవు నీరన్నమాట! చెంబునకును దీనికిని గల తేడా యొక్కటే. చెంబు తాను త్రాగిన నీటిని తానై కక్కలేదు.

ఇక కుర్సురా చరిత్రము. ఇది సోవియట్ దేశమున నిర్మింపబడినది. 1969 డిసెంబరు 18 వ తేదీన, నేడు లాట్వియా దేశమునకు రాజధానియైన రీగా నగరమున భారత నౌకాదళములో చేరెను. కల్వరి, ఖండేరి, కరంజ్ అను మూడింటి తరువాత మన దేశమునకు వచ్చిన నాలుగవ జలాంతర్గామి ఇది. పొడవు 91 మీటర్లు, వెడల్పు సుమారు 8 మీటర్లు. 1971 యుద్ధమున అరేబియా సముద్రమున పహరా తిరిగెను. 31 సంవత్సరములు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 1,36,000 కిలోమీటర్లు పయనించి, 2001 ఫిబ్రవరి 27 వ తేదీన కొలువు విరమించెను. భూమధ్యరేఖవెంట మూడుమారులు చుట్టివచ్చినను ఇంకను మిగులు దూరమది. అటుపిమ్మట దానిని ఇనుపముక్కలక్రింద అమ్మివేయక, సముద్రమునుండి ఒడ్డునకు లాగి, ఇసుకలో గట్టి పునాదిపై నిలిపిరి. ఈ పనికి సుమారు ఐదున్నర కోట్ల రూపాయలు వ్యయమైనవి. 2002 ఆగస్టు 9 వ తేదీన నాటి ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబునాయుడుగారు దీనిని ప్రదర్శనశాలగా ప్రారంభించిరి. అదే నెల 24 వ తేదీనుండి ప్రజలను అనుమతించిరి.

మేము విద్యార్థులతో కాట్పాడిలో రైలెక్కి విశాఖపట్టణము చేరితిమి. వారిలో సగమునకు పైగా అదివరకు సముద్రమును చూచినవారు కారు. కౌండిన్యానదికి వచ్చు వరదనీరును, వేలూరు కోట అగడ్తయుమే వారెరిగిన పెద్ద జలములు. వారు అలలవైపు పరుగెత్తకుండ ఆపి, వరుసగా నిలిపి, మెట్లెక్కించుట ఉపాధ్యాయులమైన మాకు జలాంతర్గామిని నడుపుటకంటె సులభమైన పని కాలేదు.

లోపల చూపువారు నౌకాదళమున పనిచేసి విశ్రాంతి పొందినవారు. మాకు చూపినాయన మా పిల్లల మాటతీరు విని, "మీరు తమిళులా?" అని అడిగెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె, "ఊరు తమిళనాడండి, మేము తెలుగువాళ్లము" అని తడుముకొనక చెప్పెను. అతడు నవ్వి, అంతవరకు హిందీయు ఇంగ్లీషును కలిపి చెప్పుచున్నవాడు తెలుగులోనికి మారెను. పీడనము, సాంద్రత, ప్రతిధ్వని యని మేము బడిలో చెప్పు మాటలకే అతడు "ఒత్తిడి", "బరువు", "శబ్దం తిరిగి రావడం" అని వాడుకలో చెప్పుచుండగా, రెండును ఒక్కటేయని పిల్లలు తమంత తామే పోల్చుకొనిరి. మాతృభాషలో శాస్త్రము నేర్చుట దేనికని అడుగు తల్లిదండ్రులు ఆనాడు మాతో ఉండిన బాగుండెడిది.

జలాంతర్గామిలో ఏడు గదులు ఒకదానివెనుక ఒకటి ఉన్నవి. మొదటి గది టార్పెడోలది. టార్పెడో యనగా నీటిలోపల తనంత తాను పరుగెత్తు పేలుడు ఆయుధము. ముందుభాగమున ఆరును, వెనుకభాగమున నాలుగును గొట్టములు కలవు. వానినుండి వీనిని వదలుదురు. మొత్తము 22 టార్పెడోలను మోసికొని పోవగలదు. చిత్రమేమనగా, ఆ ఆయుధముల ప్రక్కనే నావికుల పడకలు. బల్లంత వెడల్పుగల పడకపై ఒకడు పరుండగా, చేయి చాచినంత దూరమున ఊరంతటిని లేపగల మందు! పిల్లలు ఇచ్చట చాలసేపు నిలిచిరి.

గదినుండి గదికి గుండ్రని ద్వారములు. తల వంచి, కాలెత్తి, ఒడలు మెలిత్రిప్పి దాటవలెను. ద్వారములు అంత చిన్నవిగా ఏల పెట్టిరని ఒక బాలుడు అడిగెను. ఒక గదిలోనికి నీరు చొచ్చినచో తలుపు క్షణములో బిగించి, మిగిలిన గదులను కాపాడవలెను. పెద్ద తలుపైనచో నీటి ఒత్తిడికి నిలువదు, బిగించుటకును ఆలస్యమగును. తలుపు మూసినవాడు నీరు లేని గదిలో మిగులును. నీటిగదిలోని తోడివాడు ఆవల మిగులును. ఈ మాట చెప్పినపుడు చూపరి గొంతు మారలేదు. కొలువులో చేరిన మొదటి దినమే తెలిసిన సంగతి కాబోలు.

రెండవ గదిలో అధికారుల వసతులు, నాలుగవ గదిలో నావికుల వసతులు, వంటయిల్లు. వంటయిల్లు మన ఇళ్లలోని పూజామందిరమంత. డెబ్బదిఅయిదుగురికి అచ్చటనే వంట జరుగవలెను. స్నానమునకు నీరుండదు; చుట్టును సముద్రమే యైనను మంచినీరు కొలతపైననే ఇత్తురు. గుంటమగ్గము, మంచము, పొయ్యి ఒక్క గదిలోనే ఉండు ఇంటినుండి వచ్చిన బాలు డొకడు, "మా యింట్లో ఇంతకంటె చోటుంది సార్" అనెను. ఆ పోలికకంటె మంచి పోలిక మాకు దొరకలేదు.

ఈ రెండు గదుల నేలక్రింద బ్యాటరీలున్నవి. వీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఘాజీ కథలో ఇవి మరల వచ్చును. డీసెలు యంత్రము మండుటకు గాలి కావలెను. నీటిలోపల గాలి యెక్కడిది? కావున నీటిపైననో, గొట్టము మాత్రము పైకెత్తి కొంచెము లోతుననో ఉన్నప్పుడు డీసెలు యంత్రములను నడిపి, బ్యాటరీలలో విద్యుత్తును నింపుకొందురు. మునిగినపిమ్మట ఆ విద్యుత్తుతో మోటారులు తిరుగును. బ్యాటరీలు సీసము, గంధకామ్లములతో పనిచేయునవి. లారీలలో మనము చూచు బ్యాటరీలకు పెద్దన్నలు. వీనిని నింపునపుడు హైడ్రోజను వాయువు పుట్టును. గాలిలో హైడ్రోజను నూటికి నాలుగు పాళ్లు చేరెనా, ఒక్క నిప్పురవ్వ చాలును. అందుచేత ఆ వాయువును ఎప్పటికప్పుడు వెలికి తోలుచుండవలెను. అగ్గిపెట్టెల పరిశ్రమ ఎరిగిన గుడియాత్తమువారికి నిప్పునెడ జాగ్రత్తను గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు.

నడుమనున్న మూడవ గది జలాంతర్గామికి బుర్ర వంటిది. లోతును చూపు ముల్లులు, చక్రములు, లెక్కకు మిక్కిలియైన గొట్టములు, మీటలు. నావికుల బొమ్మలను పనిలో నున్నట్లుగా నిలిపియున్నారు. పెరిస్కోపు ఇచ్చటనే. రెండు అద్దములను ఒక అట్టగొట్టములో వాలుగా అమర్చి పిల్లలు చేయు ఆటవస్తువునకు ఇదియే మూలము. అయిదవ గదిలో డీసెలు యంత్రములు మూడు, ఆరవ గదిలో మోటారులు, ఏడవ గదిలో వెనుకటి టార్పెడోలు. వానిని చూచుచు ముందుకు సాగితిమి. అయిదవ గదిలో యంత్రములు నడచునపుడు నావికులు చేసైగలతో మాటలాడుకొనెడివారట.

ఒక లెక్కను మాత్రము అచ్చటనే పిల్లలచేత చేయించితిమి. సముద్రమున ప్రతి పది మీటర్ల లోతునకు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలోగ్రాము చొప్పున హెచ్చును. నూరు మీటర్ల లోతున అది పది కిలోగ్రాములు. అరువది సెంటీమీటర్ల వ్యాసముగల పైమూత వైశాల్యము సుమారు 2,827 చదరపు సెంటీమీటర్లు. పదిచే హెచ్చించుడు: 28,270 కిలోగ్రాములు! మూడు లారీల బరువు ఆ ఒక్క మూతపై కూర్చున్నట్లు. లోపల ఎందరు బలశాలులున్నను చేతులతో దానిని పైకెత్తలేరు. కుర్సురా సుమారు 250 మీటర్ల లోతు వరకు దిగగలది; అచ్చట బరువు ఎంతయగునో పాఠకులే గుణించుకొనవచ్చును.

కుర్సురాను చూడబోవు తల్లిదండ్రులకు రెండు మాటలు. సోమవారము సాధారణముగా సెలవు; వేళలను ముందుగా విచారించుకొని పోవలెను. మోకాళ్ల నొప్పులవారికిని, మూసిన చోట ఊపిరాడదని భయపడువారికిని ఈ దారి కష్టము. ఎదుట రోడ్డునకు ఆవల 2017 లో ప్రారంభించిన విమాన ప్రదర్శనశాలయు కలదు. తీరిక యున్న చూడవచ్చును. చూపరి చెప్పునంతసేపు సెల్‌ఫోనుతో తమ ముఖములనే పటము తీసికొనువారిని అచ్చట పెక్కురను చూచితిమి. పటములో గొట్టములు పడును గాని అవి దేనికో పడవు.

ఇప్పుడు ఘాజీ. ఇది పుట్టినది అమెరికాలో. 1944 డిసెంబరు 1 వ తేదీన నీటిలోనికి దింపిరి. అప్పటి పేరు డయాబ్లో. 1964 లో పాకిస్తానునకు అరువుగా ఇచ్చిరి. దక్షిణాసియా దేశములలో ఎవరికైనను లభించిన మొదటి జలాంతర్గామి ఇదియే. పొడవు 95 మీటర్లు. కుర్సురాకంటె నాలుగు మీటర్లు మాత్రమే ఎక్కువ. కావున కుర్సురాలో నడిచినవారు ఘాజీ కొలతలను తమ కాళ్లతోనే ఎరిగినవారగుదురు. 1971 నవంబరు 14 వ తేదీన అది కరాచీనుండి బయలుదేరి, సింహళము చుట్టి బంగాళాఖాతము చేరెను. విక్రాంత్ అను మన విమానవాహక నౌకను కనుగొని ముంచుటయు, తూర్పుతీరమున మందుపాతరలు పెట్టుటయు దానికి అప్పగించిన పనులు. విక్రాంత్ బాయిలరులో పగుళ్లుండుటచే వేగము తగ్గియుండెను. దానిని కాపాడుట కష్టమైన కార్యము.

అప్పుడు తూర్పు నౌకాదళమునకు అధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్‌గారు, నాగర్‌కోయిలులో జన్మించినవారు. ఆయన విక్రాంత్‌ను అండమాను దీవులలో ఒక మారుమూల రేవునకు పంపి, అది విశాఖపట్టణముననే యున్నట్లు శత్రువును నమ్మించిరి. రాజ్‌పుత్ అను పాత యుద్ధనౌకచేత విక్రాంత్ పేరిట రేడియో సందేశములు పంపించిరి. విక్రాంత్‌కు వలసినంత బియ్యము, మాంసము, కూరగాయలు కావలెనని నగరములో బేరములు జరిపించిరి, గూఢచారులు వినవలెనని! విక్రాంత్ నావికుడొకడు జబ్బుగానున్న తల్లి క్షేమమడుగుచున్నట్లు ఒక సామాన్య సందేశమును కూడ పంపించిరని చెప్పుదురు. ఘాజీ మొదట మదరాసు తీరమున వెదకి, అటుపిమ్మట విశాఖపట్టణమువైపు తిరిగినదని ప్రతీతి. అనగా మన రాష్ట్రపు తీరమును దాటియే అది తన తుదిచోటు చేరినది.

డిసెంబరు 3 వ తేదీ సాయంకాలము పాకిస్తాను విమానములు మన విమానాశ్రయములపై దాడిచేయగా యుద్ధమారంభమయ్యెను. ఆ రాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్‌సింగ్ నాయకత్వమున రాజ్‌పుత్ రేవునుండి వెలువడుచు, ముందు నీటిలో అలజడి కనబడగా డెప్త్‌చార్జీలను వదలెను. డెప్త్‌చార్జీ యనగా నిర్ణయించిన లోతునకు దిగి పేలు పీపావంటి ఆయుధము. అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకు సముద్రములో గొప్ప ప్రేలుడు వినబడెను. ఒడ్డున ఇండ్ల కిటికీ అద్దములు అదరినవి. మరునాడు సముద్రముపై నూనె తేలెను. జాలరులు నీట కొట్టుకొనివచ్చిన వస్తువులను తెచ్చి చూపిరి. నౌకాదళపు గజయీతగాండ్రు మునిగి చూచి, అది ఘాజీయేయని నిర్ధారించిరి. డిసెంబరు 9 వ తేదీన ప్రభుత్వము ప్రకటించెను.

ఇంతవరకు ఇంచుమించు అందరును ఒప్పుకొనునదే. ఏది ముంచినది అను ప్రశ్నవద్ద దారులు చీలును. రాజ్‌పుత్ వదలిన డెప్త్‌చార్జీలచే మునిగినదని మన నౌకాదళము చెప్పును. తాను పెట్టుచున్న మందుపాతర ఒకటి పేలి మునిగినదని పాకిస్తానువారు చెప్పుదురు. బ్యాటరీలను నింపునపుడు చేరిన హైడ్రోజను అంటుకొన్నదని మరికొందరి ఊహ. నాలుగవ గది నేలక్రింద మనము చూచినది ఇచ్చట మరల ఎదురైనది. ఓడ ముందుభాగము ఛిద్రమైనదని మునిగి చూచినవారు చెప్పిరి. ముందుభాగము టార్పెడోలును, పాతరలును ఉండు చోటు. ఉక్కురేకు లోపలికి వంగినచో దెబ్బ వెలుపలినుండి తగిలినదనియు, వెలుపలికి విచ్చుకొన్నచో లోపల పేలినదనియు ఊహింతురు. కాని బయటి దెబ్బచే లోపలి మందు పేలినచో? అప్పుడు రెండు గురుతులును కలిసిపోవును. ఎవరికి ఇష్టమైన కథను వారు గట్టిగా చెప్పుట సులభము. గురుతును చూచి ఇంతవరకే చెప్పగలమని ఆగుట కష్టము. మా విద్యార్థులకు ఆ రెండవది అలవడవలెనని మా కోరిక.

మన పిల్లలలో చాలమంది ఈ కథను 2017 లో వచ్చిన "ఘాజీ" అను తెలుగు చిత్రమువలన ఎరుగుదురు. అందులో భారత జలాంతర్గామి యొకటి ఘాజీతో నీటిలోపల పోరాడి దానిని ముంచును. చిత్రము బాగుగనే తీసిరి. గదుల ఇరుకుదనమును కండ్లకు కట్టించిరి. కాని నౌకాదళము చెప్పు వృత్తాంతమున ఘాజీతో పోరాడిన భారత జలాంతర్గామి లేదు. ఉన్నది నీటిపై తిరుగు రాజ్‌పుత్. ఆ రాత్రి కుర్సురా కూడ అచ్చట లేదు. కుర్సురాయే ఘాజీని ముంచినదని మా విద్యార్థులలో పలువురు నమ్మియుండిరి. మెట్లు దిగునప్పటికి ఆ భ్రమ తొలగెను. చిత్రము చూచినపుడు ఘాజీ పేలగానే చప్పట్లు కొట్టితిమని వారే చెప్పిరి. దేశమునకు వచ్చిన ఆపద తప్పినందుకు సంతసించుట తప్పుకాదు. కుర్సురాకు కొలది దూరములో బీచిలోనే 1971 విజయమునకు గుర్తుగా నిలిపిన స్మారకము కలదు. దానికి నమస్కరించియే వచ్చితిమి. అయినను మొదటి గదిలో ఆ పడకలను చూచి వచ్చినవారు ఆ చప్పట్లను మరల కొట్టలేకపోయిరి. ఘాజీలోను అట్టి పడకలే, అట్టి గుండ్రని ద్వారములే, పైన అట్టి మూతయే.

మనవైపు నష్టమును కూడ చెప్పక విడువరాదు. ఘాజీ మునిగిన అయిదవ దినమున, డిసెంబరు 9 వ తేదీ రాత్రి, పాకిస్తాను జలాంతర్గామి హంగోర్ గుజరాతు సముద్రములో, డయ్యూ దీవికి ఆవల, మన ఖుక్రీ అను యుద్ధనౌకను టార్పెడోతో ముంచెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. నాయకుడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను విడువక దానితోనే మునిగెను. డయ్యూలో సముద్రమునకు ఎదురుగా ఒక మిట్టపై ఖుక్రీ నమూనాను అద్దపు పెట్టెలో నిలిపియున్నారు. ఖుక్రీయు నేటికిని సముద్రగర్భముననే యున్నది.

తిరుగుప్రయాణమున, ఘాజీని పైకి తీసి కుర్సురా ప్రక్కన నిలుపరాదా యని పిల్లలు అడిగిరి. పైకి తీయుట మానవునకు అసాధ్యమైన పని కాదు. స్వీడను దేశమున 1628 లో మునిగిన వాసా అను ఓడను 1961 లో పైకెత్తి, స్టాక్‌హోములో ప్రదర్శనశాలగా నిలిపిరి. మూడువందల ముప్పదిమూడేండ్ల తరువాత! కాని ఘాజీ మునిగి ఒక తరమే యైనది. అందులో నున్నవారి భార్యలు, బిడ్డలు ఇంకను జీవించియుండవచ్చును. యుద్ధమున మునిగిన ఓడను, అందు మరణించినవారికి సమాధిగా ఎంచి కదల్పకుండుట నావికుల ఆచారము. శత్రువుల ఓడయైనను అంతియే. 2024 ఫిబ్రవరిలో మన నౌకాదళము, మునిగిన జలాంతర్గాములనుండి మనుష్యులను కాపాడుటకై సమకూర్చుకొన్న కొత్త యంత్రనౌకతో విశాఖపట్టణపు సముద్రములో ఘాజీ ఉన్న చోటును గుర్తించినదని పత్రికలలో వార్తలు వెలువడెను. తీరమునకు రెండు మూడు కిలోమీటర్ల దూరమున, సుమారు నూరు మీటర్ల లోతున ఉన్నదట. మూతపై ఇరువదియెనిమిది టన్నుల బరువని మేము కుర్సురాలో లెక్కవేసినది సరిగా ఆ లోతునకే. దానిని చూచి, ముట్టక, అట్లే విడిచి వచ్చిరని ఆ వార్తలలో వ్రాసిరి.